నాలుగు కిలోల గురి

నొప్పుల బామ్ ట్యూబులు తయారుచేసేవాళ్ళకి ఇంట్లో పెళ్ళాలు ఉండరని భూతద్దం అనే పెద్దమనిషికి గట్టి నమ్మకం. ఉంటే ఆ ట్యూబుని అలా తయారుచెయ్యరు. మందు సగం అవగానే అది ముడుచుకుపోతుంది, మిగతా సగం మూలల్లో నక్కుతుంది. పారేద్దామంటే ఇంటావిడ ఒప్పుకోదు. ముందు తోక దగ్గర్నుంచి చుట్టాలి. తరవాత తలుపు సందులో పెట్టి నొక్కాలి. చివరికి కత్తెరతో పొట్ట కోసి, లోపల వేలు పెట్టి గోడలు గీకాలి. ఆ రోజు పొద్దున్న ఏడున్నరకి భూతద్దం ఆ ఆఖరి ఘట్టంలో ఉన్నాడు. వేలికి అంటిన వాసన సబ్బుకి లొంగే రకం కాదు.

"ఎడమ భుజమండీ! కుడి వైపు రాస్తే ఎడమ వైపు తగ్గుతుందా?" అంది భార్య.

"నిన్న పెళ్ళిలో బాగా మోయించారా?"

"కెమెరా ఎప్పుడు తేలిగ్గా ఉంది కనక?"

ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా పెళ్ళిళ్ళకి వీడియో తీస్తోంది. ఎడమచేతి వాటం కాబట్టి కెమెరా ఎప్పుడూ ఎడమ భుజం మీదే. అందుకని ఆ భుజం ఎప్పుడూ నొప్పిగానే ఉంటుంది. అందుకనే ఆ పొద్దున అక్కడ కొత్తగా అరచెయ్యంత మేర కమిలి ఉంటే భూతద్దం దాని మీద మందు రాశాడే గాని, దాన్ని చూడలేదు. పరాయివాళ్ళ భుజమైతే చూసేవాడు. అది అతని వృత్తి.

అతను ప్రైవేటు డిటెక్టివ్. బోర్డు మీద హత్యలు, దోపిడీలు, అంతర్జాతీయ కుట్రలు అని రాయించుకున్నాడు గాని, వచ్చే కేసులన్నీ కాబోయే అల్లుడు సిగరెట్ తాగుతాడా లేదా అన్నవే. జేబులో భూతద్దం పెట్టుకు తిరుగుతాడని కాలనీవాళ్ళు ఆ పేరు పెట్టారు. దాంతో అతను ఇంతవరకు కనిపెట్టినదల్లా బియ్యం పురుగులు.

"నాలుగింటికి తమ్ముణ్ణి కోర్టులో పెడతారట," అంది ఆవిడ జాకెట్టు సర్దుకుంటూ. రాత్రంతా నిద్రపోని కళ్ళు. "ఆ లోపల వాణ్ణి ఇంటికి తీసుకురండి. మీవల్ల కాకపోతే చెప్పండి, నేనే వస్తాను."

గదిలోంచి వెళ్తూ ఎడమ చేత్తో ఫ్యాను ఆపేసింది, లైటు ఆపేసింది. భూతద్దం ఇంకా గదిలోనే ఉన్నాడు. ఆ ఇంట్లో మనిషి ఉన్నాడన్న కారణంతో లైటు వెలగడం ఎప్పుడూ జరగలేదు.

బావమరిది మీద ఉన్నది హత్య కేసు.

వాడికి ముప్ఫై అయిదేళ్ళు. ఆరేళ్ళ కిందట, నాలుగు రోజులుండి వెళ్తానని వచ్చి ముందుగదిలో మంచం వేసుకున్నాడు. ఆ ఆరేళ్ళూ కంప్యూటర్లో ఒక వేట ఆట ఆడాడు. అడవి, రైఫిలు, జింక, అంతే. ఆటలో వాడి పేరు పులిగోరు. చంపిన జింకలు నాలుగువేల నూట పద్దెనిమిది. వాడికిష్టమైన రైఫిలు మూడు కిలోలుండేది. ఆ ఆటలో తుపాకుల బరువులు, గురి నిర్ణయించే ఆయన ఒకరోజు దాన్ని మూడున్నర చేశాడు. చేసేసరికి పులిగోరు గురి తప్పడం మొదలైంది. వాడు కంపెనీకి నూట నలభై మూడు ఉత్తరాలు రాశాడు. ఆఖరి దాంట్లో, "నా రైఫిల్ బరువు తగ్గించకపోతే నీ బరువు తగ్గిస్తా" అని ఉంది. వాళ్ళు వాడి ఖాతాకి తాళం వేశారు. ఆ రోజునుంచి పదకొండు రోజులు వాడు అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పన్నెండో రోజు మధ్యాహ్నం, అంటే నిన్న, బరువులాయన ఆఫీసులోనే రైఫిలు దెబ్బకి చచ్చిపోయాడు. అది నిజం రైఫిలు.

పొద్దున్నే స్టేషన్లో కటకటాల వెనకనుంచి బావమరిది అడిగిన మొదటి మాట ఇది.

"బావా, నా ఖాతా తెరిచారా?"

"నీ మీద హత్య కేసు పెట్టారురా."

"అది సరేలే. ఖాతా?"

"నిన్న పన్నెండున్నరనుంచి రెండింటిదాకా ఎక్కడున్నావు?"

"మంచం మీద."

"ఎవరైనా చూశారా? అక్క ఉందా ఇంట్లో?"

"అక్క పెళ్ళికెళ్ళింది. గోడ ఉంది."

ఇలాంటివాణ్ణి విడిపించడం అవసరమా అని భూతద్దం నిజాయితీగా ఆలోచించాడు. పద్నాలుగేళ్ళు లోపలుంటే ముందుగది ఖాళీ అవుతుంది, అందులో ఒక సోఫా పడుతుంది. కాని అక్కకి వాడు తమ్ముడు కాదు, కొడుకు. తల్లి పోయేటప్పటికి వాడికి ఆరేళ్ళు, ఆవిడకి పదిహేను. ఇప్పటికీ వాడు తినకపోతే ఆవిడ ఇంట్లో తినదు, పెళ్ళిపందిట్లో నాలుగు మెతుకులు తప్ప. ఆవిడ తినకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. పదకొండు రోజులుగా భూతద్దం బజార్లో తింటున్నాడు.

రెండున్నరకి ఆట కంపెనీ మూడో అంతస్తులో, శవం దొరికిన గది ముందు ఇన్‌స్పెక్టర్ ఎదురయ్యాడు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే స్టేషన్లో కానిస్టేబుళ్ళు, ఒకే రోజు ఎస్సై పరీక్ష రాశారు. ఆయన రెండు మార్కులతో గట్టెక్కాడు, ఇతను రెండు మార్కులతో మునిగాడు. ఈ ఇరవై ఏళ్ళలో ఆ రెండు మార్కుల ప్రస్తావన రాకుండా వాళ్ళిద్దరూ అయిదు నిమిషాలు మాట్లాడుకోలేదు.

"ఏరా భూతద్దం, ఇక్కడెవరికి సంబంధం చూస్తున్నావు?"

"మీకేనండి సార్. మీ కేసుకీ నిజానికీ జాతకం కలుస్తుందేమో చూద్దామని."

"కలిసింది, ముహూర్తం కూడా పెట్టేశాం. నాలుగింటికి." ఇన్‌స్పెక్టర్ వేళ్ళు మడిచాడు. "బెదిరింపు ఉత్తరం ఉంది. గేటు పుస్తకంలో నిన్న పన్నెండూ నలభై అయిదుకి 'పులిగోరు ఖాతా విషయం' అని రాసుంది. ఒంటి గంటా తొమ్మిదికి వెళ్ళినట్టుంది. ఇంకేం కావాలి?"

"వాచ్‌మన్ మొహం చూశాడా?"

"ఫోన్లోంచి తలెత్తితే కదా! హెల్మెట్, నల్ల కోటు, అంతే. రాత తెలీకుండా ఎడమ చేత్తో గీకాడు మీవాడు. తెలివితేటలు."

"చనిపోయినాయన కంప్యూటర్ చూశారా?"

"చూశాం. ఒంటీ నాలుగు నిమిషాల ముప్ఫై ఒక్క సెకనుకి మీవాడి ఖాతా పూర్తిగా తీసేశాడు. కళ్ళముందే తీసేశాడు, వాడికి మండింది, కాల్చాడు. మా పాప కూడా చెబుతుంది."

"అయితే పాపనే పంపాల్సింది. రైఫిలు మీద వేలిముద్రలు?"

"లేవు. ఇక్కడ దాన్ని ముట్టుకునేవాళ్ళందరికీ గుడ్డ తొడుగులిస్తారట, చెమట అంటకుండా."

భూతద్దం గదిలోకి తొంగి చూశాడు. కిటికీ లేదు. మధ్యలో ఒక ఇనప స్టాండు, రెండు కొమ్ముల ఊయల లాంటిది. అసలు రైఫిల్ని పోలీసులు పట్టుకెళ్ళారు, ఇప్పుడక్కడ చెక్కతో చేసిన డమ్మీ ఉంది. గోడమీద బోర్డు: ఎత్తిన వస్తువు ఎత్తిన చోటే పెట్టవలెను.

"శవం దొరికినప్పుడు గది ఎలా ఉంది?"

"చీకటి. రైఫిలు స్టాండు మీదే బుద్ధిగా ఉంది. లైటు, ఫ్యాను ఆపేసి ఉన్నాయి."

"ఎందుకు?"

"శవం ఆలస్యంగా కనపడాలని."

"అది లైటుకి సరిపోయింది. ఫ్యాను ఎందుకాపాడు?"

ఇన్‌స్పెక్టర్ తలెత్తి ఫ్యాను కేసి చూశాడు. "కరెంటు ఆదా."

"మా బావమరిదా? వాడు పుట్టింది మొదలు ఒక్క స్విచ్చూ ఆపిన పాపాన పోలేదు. వాడికోసం మా ఆవిడ..." భూతద్దం అక్కడ ఆగాడు. ఏదో గుర్తొచ్చినట్టే వచ్చి, తుమ్ములా వెనక్కెళ్ళిపోయింది.

"మీ ఆవిడ సంగతి ఇంట్లో చూసుకో. అరగంట ఇస్తున్నా. కింద కాగితాలు రాసుకుంటుంటా. ఆ రెండు మార్కులు ఈసారైనా తెచ్చుకో." ఇన్‌స్పెక్టర్ దిగిపోయాడు.

శవాన్ని మొదట చూసింది ఆ కంపెనీలో తుపాకుల చప్పుళ్ళు తయారుచేసే ఆవిడ. యాభై ఏళ్ళుంటాయి. ఆఫీసులో ఆవిణ్ణి మోతక్క అంటారు. కుడి మణికట్టుకి పట్టీ ఉంది.

"నిన్న కాల్పు మీకు వినిపించిందా అమ్మా?"

"వినిపించింది సార్. రోజుకి మూడొందల కాల్పులు వింటాం, స్పీకర్లో. కాని అది వినగానే, అబ్బ, ఎంత బాగా వచ్చింది అనుకున్నా. రెండేళ్ళనుంచి అలాంటి మోత కోసమే చస్తున్నాం."

"చూడ్డానికి వెళ్ళలేదా?"

"ఆ గది తలుపు కొడితే ఆయన తిడతారు. ముందు నా మైకులో పడిందేమో చూసుకున్నా. పడింది. ఒంటీ నాలుగు నిమిషాల ముప్ఫై ఎనిమిది సెకన్లు."

భూతద్దం చెవులు రిక్కించాడు. ఖాతా తీసేసింది ముప్ఫై ఒకటికి. కాల్చింది ముప్ఫై ఎనిమిదికి. మధ్య ఏడు సెకన్లు.

"ఏడు సెకన్లలో ఒక మనిషికి కోపం వచ్చి, స్టాండు దాకా వెళ్ళి, రైఫిలు ఎత్తి, తూటా పెట్టి కాల్చగలడా?"

"తూటా పెట్టక్కర్లేదు సార్, అందులోనే ఉంటుంది. డమ్మీ తూటా పెడితే బరువు పదకొండు గ్రాములు తేడా వస్తోందని ఆయన నిజం తూటానే పెట్టించారు. ప్రమాదం కదండీ అంటే, సేఫ్టీ గొళ్ళెం ఉంది కదా, నీకు బుర్ర ఉందా అన్నారు."

"పదకొండు గ్రాముల కోసమా?"

"ఆయనకి తూకమే ప్రాణం సార్. రైఫిలు బరువుగా ఉంటే మొదట గురి కదలదు. తరవాత చెయ్యి అలిసిపోయి గురి తాగినవాడిలా తిరుగుతుంది. ఆ తిరుగుడు నిజం మనుషుల చేతుల్లోంచే తియ్యాలని ఆయన పట్టు. ఎవరు దొరికితే వాళ్ళని నిలబెట్టి ఎత్తించేవారు. నా చేతికి ఆపరేషన్ అయిన పదో రోజు నన్నూ ఎత్తించారు. నీరసం చెయ్యి నమూనా లేదట." ఆవిడ మణికట్టు తడుముకుంది. "ఆటలో ముసలి వేటగాడి వణుకు నాదే. బాగుందని అందరూ మెచ్చుకున్నారు."

"మీకాయన మీద కోపం లేదా?"

"ఉంది సార్. కాని ఆ నాలుగు కిలోలు నేను మూడు నిమిషాలు కూడా ఎత్తలేను. అడిగారు కదా అని చెబుతున్నా."

"ఆ వణుకు ఎక్కడ రికార్డవుతుంది?"

ఆవిడ స్టాండు కిందకి వంగి, డబ్బా లాంటి చిన్న యంత్రం చూపించింది. "ఇందులో. ఎత్తగానే మొదలు, తిరిగి పెట్టగానే ఆఖరు. ఆయన రోజూ సాయంత్రం పెద్ద కంప్యూటర్లోకి ఎక్కించుకునేవారు. నిన్న సాయంత్రానికి ఆయన..." ఆవిడ మిగతాది చేత్తో చూపించింది. "పోలీసులకి దీని సంగతి తెలీదు. వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు. రైఫిలు తీసేటప్పుడు వైరు అడ్డొచ్చిందని దీని ప్లగ్గు పీకారు, డమ్మీ పెట్టాకే నేను మళ్ళీ పెట్టాను, అందుకే పాతది మిగిలింది. డమ్మీని మాత్రం ముట్టుకోకండి. కొత్తగా ఎవరెత్తినా పాతది చెరిగిపోతుంది. పోతే మళ్ళీ రాదు."

ఆవిడ మీట నొక్కగానే యంత్రం తెరమీద ఒక గీత వచ్చింది. మొదలు పన్నెండూ యాభై నాలుగు. కాల్పు ఒంటీ నాలుగు నిమిషాల ముప్ఫై ఎనిమిది సెకన్లకి. పది నిమిషాల ముప్ఫై మూడు సెకన్లు.

మోతక్క నోరు తెరిచింది. "అమ్మో! మా వాచ్‌మన్‌దే రికార్డు సార్, నాలుగు నిమిషాల ఇరవై. ఎవరండీ ఈ రాక్షసుడు?"

భూతద్దానికి ఒంట్లో కొత్త రక్తం ఎక్కింది. కాల్చిన మనిషి తోసుకొచ్చి కాల్చలేదు. పది నిమిషాల ముందునుంచీ నాలుగు కిలోల రైఫిలు ఎత్తి నిలబడే ఉన్నాడు. బావమరిది మంచినీళ్ళ క్యాను ఎత్తి రెండు మెట్లెక్కితే మూడో మెట్టు మీద కూర్చుంటాడు. పదకొండు రోజులు తిండిలేనివాడు పది నిమిషాలు ఎలా ఎత్తుతాడు? కేసు తేలిపోయింది. రెండు మార్కులు వచ్చేశాయి!

వెంటనే ఫోన్ తీశాడు. "సార్, పైకి రండి. మీ ముద్దాయిని వదిలేసి అసలు మనిషిని చూద్దురుగాని. సాక్ష్యం మిషన్లో ఉంది."

"వస్తున్నా. అబద్ధమైతే నీ బోర్డు పీకిస్తా."

లిఫ్టుకి కార్డు కావాలని మోతక్క కిందికి వెళ్ళింది. భూతద్దం ఒక్కడే తెరముందు మిగిలాడు. ఊరికే ఉండలేక గీతని ముందుకీ వెనక్కీ జరిపాడు. పక్కన చిన్న బొమ్మ ఒకటి, రైఫిలు ఎడమ భుజానికి ఆనించి ఉన్నట్టు. దాని కింద, నిమిషానికొకటి చొప్పున, చనిపోయినాయన ఆ యంత్రంలోనే టైపు చేసుకున్న ముక్కలు.

*నమూనా 41. ఆడమనిషి, నలభై దాటింది. ఎడమచేతి వాటం. తమ్ముడి ఖాతా తెరవమని వచ్చింది. పది నిమిషాలు దించకుండా పట్టుకుంటే తెరుస్తానన్నాను.*

*మూడో నిమిషం. గురి బాగుంది. పెళ్ళి వీడియోలు తీస్తుందట.*

భూతద్దం చెయ్యి ఎందుకో ముక్కు దగ్గరికి వచ్చింది. వేలికి బామ్ వాసన. దాన్ని ప్యాంటుకి తుడుచుకున్నాడు. పోలేదు.

*ఆరో నిమిషం. ఏడుస్తోంది. గురి కదల్లేదు. ఏడుపుకీ గురికీ సంబంధం లేనట్టుంది. ఇంకో ఇద్దర్ని ఏడిపించి చూడాలి.*

*ఎనిమిదో నిమిషం. తమ్ముడు పదకొండు రోజులుగా తినడం లేదని చెబుతోంది. మాట్లాడితే గురి అర అంగుళం కిందికి జారుతోంది. అందుకని మాట్లాడించాను.*

*పదో నిమిషం. పట్టుకుంది. ఇంకా దించొద్దన్నాను. ఖాతా తెరవను, పూర్తిగా తీసేస్తున్నాను. కోపంలో గురి ఎంత చెడుతుందో మన దగ్గర లెక్కలేదు.*

అంతే. ఆ తరవాత ముక్కలు లేవు, గీత ఉంది. పది నిమిషాలుగా సన్నగా వణుకుతూ వచ్చిన గీత చివరి ఏడు సెకన్లు రూళ్ళకర్రతో గీసినట్టు తిన్నగా పోయింది. కోపంలో గురి చెడలేదు. పాపం, ఆయన ఆ లెక్క చూసుకోలేకపోయాడు.

కాల్పు తరవాత ఇంకో రెండు నిమిషాల పన్నెండు సెకన్లుంది. అప్పుడు రైఫిలు స్టాండు మీదకి తిరిగొచ్చింది. ఎత్తిన వస్తువు ఎత్తిన చోటే. తరవాత ఫ్యాను. తరవాత లైటు.

భూతద్దం గీతని మళ్ళీ మొదటికి జరిపాడు. తనని ఇక్కడికి పంపింది ఆవిడే. మొగుడి తెలివిమీద నమ్మకంతో పంపిందా, తెలివితక్కువతనం మీద నమ్మకంతో పంపిందా అన్నది ఇరవై రెండేళ్ళ కాపురం తరవాత కూడా అతనికి అంతుపట్టలేదు.

ఫోన్ మోగింది. ఇంటినుంచే.

"ఏవండీ, మూడు దాటింది. ఏమైనా దొరికిందా?"

"దొరికింది."

ఆవిడ గొంతు, పెళ్ళిపందిట్లో పక్కకి జరగండి అన్నంత మామూలుగా వినిపించింది.

"సరే. ముందు వాణ్ణి ఇంటికి పంపించండి. ఏదైనా పెట్టాలి. తరవాత మీ ఇష్టం."

"భుజం ఎలా ఉంది?"

"మీరు రాశాక కాస్త నయం," అంది ఆవిడ. వెనక స్విచ్చు ఆపిన చప్పుడు టక్కుమని వినిపించింది. తరవాత ఇంకోటి. ఫోన్ పెట్టేసింది.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. మోతక్క ఇంకా దూరంలోనే ఉంది, వాచ్‌మన్‌తో ఏదో మాట్లాడుతూ వస్తోంది. ఇన్‌స్పెక్టర్ ఒక్కడే విసవిసా గదిలోకి వచ్చాడు. భూతద్దం చెయ్యి దానంతటదే తెరని ఆర్పేసింది.

"ఏదిరా నీ అసలు మనిషి?" అంటూనే ఆయన కళ్ళు డమ్మీ మీద పడ్డాయి. యాభై రెండేళ్ళ మనిషి మొహం అయిదేళ్ళ పిల్లాడి మొహమైపోయింది. "ఇదేనా అది? అచ్చం అంతే బరువట కదా? ఒక్కసారి ఎత్తి చూస్తానుండు."

చెయ్యి చాచాడు. ఆ చెక్క ముక్క స్టాండు మీదనుంచి ఒక్క వేలెడు లేస్తే చాలు, నమూనా 41 ఈ లోకంలో ఉండదు. భూతద్దం ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు, పెళ్ళాం మిగులుతుంది. అప్పుడు, ఏ పాపమూ ఎరగని ఆ సోమరిపోతు, ఆవిడ కన్నకొడుకులా పెంచినవాడు, నాలుగింటికి కోర్టు మెట్లెక్కుతాడు. "ముట్టుకోకండి" అని ఒక్క మాటంటే వాడు ఇంటికొస్తాడు, వచ్చేసరికి వాడికి పెట్టే మనిషి ఇంట్లో ఉండదు.

అయ్యలారా, అమ్మలారా, మీరూ సంసారాలు చేస్తున్నవాళ్ళే. మీ ఇళ్ళలోనూ ముందుగదుల్లో బావమరుదులుంటారు, లైట్లు ఆర్పే ఆడవాళ్ళుంటారు. ఇరవై రెండేళ్ళలో ఈ మనిషి ఒక్క నిర్ణయం కూడా ఆవిణ్ణి అడక్కుండా తీసుకోలేదు, ఇప్పుడు ఆవిడే "మీ ఇష్టం" అనేసింది. కాస్త మీరైనా చెప్పండి, నోరు తెరవమంటారా, మూసుకోమంటారా? మీకు పుణ్యముంటుంది, తొందరగా చెప్పండి. ఇన్‌స్పెక్టర్ రెండు చేతులూ డమ్మీ కిందికి పోనిచ్చాడు.